నాలుక కోసే ద్రాక్ష

నివెస్ చేతులు కడుక్కుని, తడి కూడా తుడుచుకోకుండా వచ్చి అత్తగారి ముందు చాపింది. ఒనొరీనా పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, కోడలి కుడిచెయ్యి దగ్గరకు లాక్కుని, ఒక్కో వేలూ వాసన చూసింది. బొటనవేలి దగ్గర ఆగి మళ్ళీ చూసింది.

"ఉల్లిపాయ," అంది.

"నిన్న మధ్యాహ్నం తరిగానత్తయ్యా. కొట్లోకి వచ్చినవాళ్ళు చీజూ బంగాళదుంపల ఫ్రీకో అడిగారు. ఉల్లిపాయ లేకుండా వేయిస్తే చప్పగా ఉందని తిరగ్గొడతారు. తర్వాత నిమ్మచెక్కతో రుద్దుకున్నాను కూడా."

"అందుకే నిమ్మకాయ కంపు కూడా కొడుతోంది." అత్తగారు చెయ్యి విదిలించినట్టు వదిలేసి, మెట్ల వైపు తిరిగి గొంతు పెంచింది. "గ్వాల్తియేరో! ఉల్లిపాయా, నిమ్మకాయా!"

మేడ మీంచి భర్త గొంతు వినిపించింది. "బూడిదతో తోముకోమను. ఇంకో అరగంటలో బయల్దేరాలి."

నివెస్ పెరటి గుమ్మంలో గొంతుక్కూర్చుని కట్టెల పొయ్యిలోని బూడిదతో చేతులు తోముకుంది. గోళ్ళ సందుల్లో మంట పుట్టింది. పెళ్ళైన కొత్తలో ఇదే చేతిని అందరి ముందూ ఎత్తి పట్టుకుని, "మా ఆవిడ చేతులు చూడండి, గ్లాసులు కడగడానికే పుట్టాయి" అని నవ్వించేవాడు. అప్పుడు ఆమె కూడా నవ్వేది. ఇప్పుడు ఈ చేతుల్ని ఆయనే వాసన చూడొచ్చు కదా, తల్లికి ఎందుకు అప్పగించడం? చూడలేడు. గ్వాల్తియేరోకు ఉల్లిపాయకీ గులాబీకీ తేడా తెలియదు. ఆ సంగతి బయట ఎవరికీ తెలియదు.

చివిదాలె ఊళ్ళో వంతెనకు దగ్గర్లో వాళ్ళ వైన్ కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. గ్వాల్తియేరోను ఆ చుట్టుపక్కల అందరూ 'మాస్టారూ' అని పిలుస్తారు. టేబుల్‌కు ఆనుకోకుండా నిటారుగా నిలబడి, గ్లాసు కాడ రెండు వేళ్ళతో పట్టుకుని, ఒకసారి తిప్పి, ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని ఆయన చెప్పే మాటల కోసం ఊదినె నుంచి, త్రియెస్తె నుంచి కూడా మనుషులు వచ్చేవారు. వంటగదిలో నివెస్ బంగాళదుంపలు తురుముతూ ఆ మాటలు వినేది. ఆమెను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఎప్పుడైనా కూరలో చీజ్ చెడిందనో, పక్కింటి గోడలో ఎలక చచ్చిందనో అందరికంటే ముందు కనిపెడితే మాత్రం "కుక్క ముక్కు" అని అత్తగారు వెక్కిరించేది.

ఒక చలికాలం గ్వాల్తియేరోకు పెద్ద జ్వరం వచ్చింది. తగ్గింది. తగ్గిన కొన్నాళ్ళకు ఒక పొద్దున్న నివెస్ బట్టలు ఆరేసి వచ్చేసరికి వంటిల్లంతా పొగ. గ్యాసు పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె అడుగు ఎర్రగా కాలుతోంది. ఆ పొయ్యికి బారెడు దూరంలో భర్త పేపరు చదువుకుంటూ కూర్చుని ఉన్నాడు. ఆమె పరుగున వెళ్ళి గ్యాసు కట్టేసి తిరిగి చూసింది. ఆయన ముఖంలో అంత భయం ఆమె అంతకు ముందెన్నడూ చూడలేదు. తనకంటే ఎక్కువ భయపడే మనిషి ఆ ఇంట్లో మరొకరున్నారని ఆ క్షణం దాకా ఆమెకు తెలియదు. జాలితో దగ్గరకు వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చేతి మణికట్టు పట్టుకుని, ఎముక నొప్పి పుట్టేలా నొక్కి, "ఎవరికైనా చెప్పావో!" అన్నాడు. ఆ మాటతో జాలి అక్కడే ఆగిపోయింది.

డాక్టరు నరం దెబ్బతిందన్నాడు. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. రాలేదు. 

పేరున్న వైన్లతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. బరోలో ఎలా ఉంటుందో, బ్రునెల్లో ఎలా ఉంటుందో ఆయనకు కంఠతా వచ్చు. సీసా మీద పేరు చూసి కళ్ళు మూసుకుని పాత పాఠం అప్పజెప్పేవాడు. అయితే సీసా లోపల చెడితే? ఆ భయానికి, ముందుగా వంటగదిలోకి తెచ్చి నివెస్ ముక్కు కింద పెట్టడం మొదలుపెట్టాడు. "బావుందా, పోయిందా? అంత చెప్పు చాలు." ఆమె చెప్పేది. ఒక్కసారీ తప్పలేదు. ఒనొరీనా అదంతా చూసి కొడుకును ఏమీ అనలేదు, కోడలితోనే అంది: "వాడు ఆ ముక్కుతోనే ఈ కొట్టు నిలబెట్టాడు. ఇప్పుడు నీ ముక్కు వాడిది. పెళ్ళాం అంటే ఏమనుకున్నావు మరి?"

అంతవరకే అయితే ఎలా ఉండేదో. కానీ త్రియెస్తె నుంచి స్తోకొవాజ్ అనే వ్యాపారి వచ్చాడు. ఊళ్ళూళ్ళా దుకాణాలున్న మనిషి. "మాస్టారూ, పెద్ద పేర్లతో విసిగిపోయాం," అన్నాడు. "జనం ఇప్పుడు చవగ్గా, కొత్తగా కావాలంటున్నారు. పది యూరోలు దాటకూడదు. ద్రాక్ష పేరు ఎవరూ విని ఉండకూడదు. మన కొండల్లో ముసలాళ్ళు పెరట్లో పెంచుకునే జాతులు బోలెడున్నాయిగా. మీ ముక్కుకు మించింది నాకెక్కడ దొరుకుతుంది?"

గ్వాల్తియేరో చిరునవ్వుతో తలూపాడు. ఆయన కుడికాలు టేబుల్ కింద అదురుతుండటం గ్లాసులు తీయడానికి వచ్చిన నివెస్ ఒక్కతే చూసింది. ఎవరూ వినని ద్రాక్ష గురించి ఏ పాఠం అప్పజెబుతాడు?

అలా నివెస్ కారెక్కింది. అంతకుముందు ఆమెకు వంటిల్లు, సంత, చర్చి తప్ప వేరే దారి లేదు. ఇప్పుడు కొండ రోడ్లు, రాళ్ళ ఇళ్ళు, పొగచూరిన నేలమాళిగలు. కానీ ఆమె కారు దిగకూడదు. "మా ఆవిడకు వైన్ పడదు, తలనొప్పి" అని ఆయన రైతులతో చెప్పేవాడు. కాసేపు వాళ్ళతో మాట్లాడి, "ఒక ఫోను చేసుకుని వస్తాను" అని గ్లాసుతో సహా కారు దగ్గరకు వచ్చేవాడు. ఆమె కాళ్ళ మధ్య ఒక పాత రంగుడబ్బా ఉండేది, ఉమ్మడానికి.

"ఏముంది? త్వరగా చెప్పు."

మొదట్లో ఆమెకు మాటలు వచ్చేవి కావు. "వాన వెలిశాక మా అమ్మావాళ్ళింటి రాతిగోడ" అంది ఒకసారి. "గోడేమిటి నీ మొహం! పుస్తకాల్లో ఉన్నట్టు చెప్పు" అని కసిరాడు. పుస్తకాలు ఆమెకెక్కడివి? తాగ్లియమెంతో నది దాటాక ఒక కొండూళ్ళో ముసలాయన 'ఉచెలుత్' అనే తెల్ల ద్రాక్ష వైను తెచ్చాడు. పిట్టలు తప్ప మనుషులు తినని ద్రాక్షట, అందుకే ఆ పేరు. సీసా ఏడు యూరోలు. కారులో ఆ గ్లాసు ముక్కుకు ఆనించగానే నివెస్‌కు ఏడుపొచ్చినంత పనైంది. మే నెలలో అమ్మ అకేషియా పూలగుత్తులు పిండిలో ముంచి వేయించేది. నూనెలో పడగానే ఒక్కసారి గుప్పుమనే తేనె వాసన. తనూ చెల్లెలు విల్మా నోరు కాల్చుకుంటూ తినేవాళ్ళు. అదే చెప్పింది. గ్వాల్తియేరో దిక్కులేక ఆ మాటే వెళ్ళి చెప్పాడు. ముసలాయన ఆయన చేతులు పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఫోనులో స్తోకొవాజ్ అవతల్నుంచి అరవడం నివెస్‌కు కూడా వినిపించింది: "మాస్టారూ, మీరు కవులండీ!"

ఆ రోజు నుంచి కసరడం తగ్గించాడు. ఆమె అన్నది అన్నట్టు పట్టుకుపోయేవాడు. ఫోర్జరీన్ అనే ఎర్ర ద్రాక్షలో ఆమెకు కోరిందపండూ, కొత్తగా చెక్కిన పెన్సిలూ తగిలాయి. అవి ఆయనవైపోయాయి. తన మాటలు ఆయన నోట్లోంచి వస్తుంటే కారు అద్దం దించుకుని వినేది. దొంగతనంగా విన్నట్టుండేది, తన సొమ్మే అయినా. అయినా ఒక సంతోషం, ఎవరికీ చెప్పుకోలేనిది, లోపల రాజుకుంటూ వచ్చింది. బరోలోలో ఏముందో వందమంది ముందే చెప్పేశారు. అందులో ఆమె వెతుక్కునేదేమీ లేదు. ఈ చవక వైన్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ పట్టించుకోక మూలన పడి ఉండి, ఉన్నన్నాళ్ళూ తమ పాటికి తాము కాసిన ద్రాక్షలు. వాటి గురించి మొదటి మాట తనదే. నలభై ఏడేళ్ళ బతుకులో దేని గురించీ మొదటి మాట ఆమెది కాలేదు.

కానీ సంతోషం వెనకే భయం కూడా వచ్చి కూర్చునేది. ఒక వారం ఆమెకు కాస్త పడిశం పట్టింది. చెబితే ఏమంటాడోనని చెప్పలేదు. బావుందన్న సీసా పులిసిపోయి ఉందని తర్వాత స్తోకొవాజ్ మనుషులు తిప్పి పంపారు. ఆ రోజు గ్వాల్తియేరో ఒక్క మాట కూడా తిట్టలేదు. ఆమె అప్పుడే కడిగి బోర్లించిన గ్లాసుల దగ్గరకు వచ్చి, ఒకటి తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, చేతిలోంచి వదిలేశాడు. అది పగిలాక ఇంకొకటి. ఆమె కళ్ళలోకే చూస్తూ, ఏమాత్రం తొందర లేకుండా, అరలో ఉన్నవన్నీ. తర్వాత, "చీపురు తే, కాళ్ళకు గుచ్చుకుంటాయి" అన్నాడు. ఆ మాట ఎంతో ఆప్యాయంగా అన్నాడు. అదే ఆమెకు గుర్తుండిపోయింది. ఆనాటి నుంచి కొట్లో ఏ గ్లాసు చప్పుడైనా ఆమె భుజాలు వాటంతటవే ముడుచుకునేవి.

తర్వాత ఒక్కొక్కటే పోయాయి. వాసన సబ్బు పోయింది. కాఫీ పోయింది. వెల్లుల్లి పోయింది. ఆదివారం చర్చిలో ధూపం ఘాటుగా ఉంటుందని చర్చి పోయింది. చెల్లెలి పిల్లలకు ఎప్పుడూ ముక్కులు కారుతుంటాయని విల్మా ఇల్లు పోయింది. చలిగాలి తగలకూడదని ఒనొరీనా ఆమె ముక్కుకు ఉన్ని గుడ్డ కట్టి గానీ బయటికి పంపేది కాదు. "ఎంత అపురూపంగా చూసుకుంటున్నారే నిన్ను," అంది పక్కింటావిడ. నివెస్‌కు గుడ్డ వెనక ఊపిరాడలేదు. నిద్రలో ముక్కు మూసుకుపోయినట్టు ఉలిక్కిపడి లేచి దిండు వాసన చూసుకునేది. తెలుస్తోంది. ఇంకా తెలుస్తోంది. పోతే ఏం చేస్తాడు? ముక్కు పోయిన భార్యను ఏం చేస్తాడు?

బూడిదతో చేతులు తోముకున్న ఆ రోజు వాళ్ళు బుత్రియో కొండల్లో ఆర్జియా అనే ముసలావిడ దగ్గరకు వెళ్ళారు. పెళ్ళి చేసుకోకుండా పొలం చూసుకుంటూ బతికిన మనిషి. గ్వాల్తియేరో ఎప్పట్లాగే గ్లాసు తీసుకుని కారు దగ్గరకు వచ్చాడు. నివెస్ వాసన చూసి వెనక్కు తగ్గింది.

"ఇది వైన్ కాదు. వెనిగర్."

ఆయన ముఖం పాలిపోయింది. "సరిగ్గా చూడు."

"చూశాను."

"ఎంత చక్కటి పండు వాసన అని ఇప్పుడే ఆ ముసల్దానితో చెప్పొచ్చాను," అన్నాడు గొంతులోనే. అప్పుడే నిజంగా ఫోను మోగింది, స్తోకొవాజ్ నుంచి. సరిగ్గా వినిపించక మాట్లాడుతూ గడ్డివాము అవతలికి నడిచాడు.

కారు అద్దం మీద ఎవరో వేలితో తట్టారు. ఆర్జియా. చేతిలో ఇంకో గ్లాసు.

"దిగు అమ్మాయ్."

"నాకు వైన్ పడదండీ."

"పడనిదానివి కాళ్ళ దగ్గర ఆ డబ్బా ఎందుకూ?" ఆవిడ తలుపు తనే తెరిచింది. "కళ్ళజోడు పెట్టుకోక పొరపాటున సలాడ్‌లోకి ఉంచిన కూజాలోంచి పోశాను మీ ఆయనకి. అయ్యో అనుకునేలోపే ఆయన ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని, ఒకటే పొగడ్త! తర్వాత గ్లాసు పట్టుకుని నీ దగ్గరకొచ్చాడు. నాకింకేం రుజువు కావాలి?"

నివెస్ కాలితో డబ్బాను సీటు కిందికి నెట్టింది. "దయచేసి ఎవరితోనూ అనకండి. మీకు దణ్ణం పెడతాను."

"నాకేం పని? ఇదిగో, ఇది అసలుది. ఉమ్మెయ్యకు. మింగు."

ఎన్నాళ్ళుగానో ఆమె ఏ వైనూ మింగలేదు. ముందు ఏదో అడవిపండు, మిరియం. అంతలో వగరు నాలుకను రెండు వైపుల నుంచీ బిగించి పట్టేసింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"తాత్సెలెంగె," అంది ఆర్జియా. "మన భాషలో నాలుక కోసేది అనేగా. అందరూ పీకేసి, అమ్ముడయ్యే రకాలు వేసుకున్నారు. మా అన్నయ్య కూడా పీకెయ్యమని చచ్చేదాకా పోరుపెట్టాడు. నేను వినలేదు. ఏ కారణమూ లేదు, వినబుద్ధి కాలేదంతే. ఇప్పుడు ఎనిమిది యూరోలకు ఇస్తానన్నా అడిగే నాథుడు లేడు. సర్లే, నీకేమనిపించింది?"

"కోరిందపండు కంటే ముదురు..."

"అది కాదమ్మాయ్. నీకు ఏమనిపించింది అని."

నివెస్ ఇంకో గుక్క మింగింది. "మొదట నోరు మూతపడిపోయింది," అంది చివరికి. "తర్వాత ఎందుకో నవ్వొచ్చింది."

నిజంగానే నవ్వుతోంది. గడ్డివాము మూల తిరిగి వస్తున్న గ్వాల్తియేరో ఆ నవ్వు చూశాడు.

తిరుగుదారి పట్టారు. ఊరు దగ్గరకొచ్చాక, "దానికి తెలిసిపోయింది," అన్నాడు. "నువ్వు చెప్పావా?"

"నేను చెప్పలేదు. ఆవిడే..."

"సరే. గురువారం స్తోకొవాజ్ ముందు అందరి సీసాలూ తెరుస్తాం. దాని సీసా వచ్చినప్పుడు కార్కు బిరడా చెడి వైన్‌కు కంపు పట్టిందంటాను. పదిమందిలో నేను పనికిరాదన్నాక, అది నా గురించి ఏం వాగినా కడుపుమంట అనుకుంటారు." కాస్త ఆగి నవ్వాడు. "అయినా ఆ వైన్ నీకు తగినదే. నాలుక కోస్తుందట కదా. ఆ రోజు నోరు తెరవకు."

గురువారమే ఊదినె ఆసుపత్రిలో విల్మాకు ఆపరేషన్. రొమ్ములో గడ్డ. నివెస్ ఆ సంగతి అడగడానికి మాటలు కూర్చుకుని, మళ్ళీ విడగొట్టుకుని, చివరికి భోజనాల దగ్గర అడిగింది. "గురువారం కాకపోయినా ముందు రోజైనా ఒకసారి చూసొస్తాను."

"ఊరంతా వచ్చి దగ్గే చోటికా? ఈ వారమా?" గ్వాల్తియేరో రొట్టె ముక్క విరిచాడు. "నీకు ఒంట్లో బాగాలేదని విల్మాకు నేనే ఫోన్ చేసి చెప్పాను."

"వాడు అన్నీ ఆలోచిస్తాడు," అంది ఒనొరీనా.

ఆ మర్నాడు విల్మాయే ఫోన్ చేసింది. "రాలేకపోయినా ఫర్వాలేదులేవే. నీ ఆరోగ్యం చూసుకో," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, భయం ఉంది. నివెస్‌కు ఆ భయం తన భయమంత పరిచయంగా వినిపించింది. "నేను బాగానే ఉన్నాను విల్మా" అనబోయింది. అత్తగారు పొయ్యి దగ్గరే కూర్చుని ఉంది. "పెట్టేస్తున్నాను," అంది.

గురువారం పొద్దున బుత్రియోలో ఊరి హాల్లో పొడుగాటి బల్ల వేశారు. ఒకవైపు స్తోకొవాజ్, రుచి చూసి తీర్పు చెప్పడానికి ఆయన తెచ్చుకున్న రుచిగాళ్ళు ఇద్దరు, మధ్యలో గ్వాల్తియేరో. గోడ వెంబడి కుర్చీల్లో రైతులు. నివెస్ నల్ల ఏప్రన్ కట్టుకుని సీసాలు తెరిచి పోస్తోంది. పోసే ముందు కార్కు వాసన చూడటం పోసేవాళ్ళ పనే కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. సీసా మెడ గుడ్డతో ఒకసారి తుడిస్తే బావున్నట్టు, రెండుసార్లు తుడిస్తే పోయినట్టు ఆయనకు సైగ. ఉచెలుత్ వచ్చినప్పుడు ఆయన అకేషియా పూల మాట చెప్పాడు. కొండూరి ముసలాయన జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. స్తోకొవాజ్ "తీసుకుంటున్నాం" అన్నాడు. మా అమ్మ మూకుడు అది, అనుకుంది నివెస్. ఈపాటికి విల్మాను లోపలికి తీసుకెళ్ళి ఉంటారు.

తర్వాత ఆర్జియా సీసా. నివెస్ కార్కు వాసన చూసింది. శుభ్రంగా ఉంది. ఒకసారి తుడిచి పోసింది. గ్వాల్తియేరో ఆ గుడ్డ వైపు చూడనే లేదు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ముఖం చిట్లించి, పక్కకు జరిపేశాడు.

"కార్కు కంపు. పాపం, పెద్దావిడ. ఏం చేస్తాం."

పక్కనున్న రుచిగాడు వెంటనే తలూపాడు. "అవునవును. తడిసిన అట్టపెట్టె." రెండోవాడు ఇంకోసారి వాసన చూసి, "కొంచెం ఆలస్యంగా తగులుతోంది గానీ ఉంది," అన్నాడు.

స్తోకొవాజ్ గ్లాసు తిప్పుతూ, "నాకేం తెలియడం లేదే," అన్నాడు.

"అలవాటైన ముక్కుకే తెలుస్తుందిలెండి."

ఆర్జియా గ్వాల్తియేరో వంక చూడలేదు. కుర్చీలో కూర్చుని నివెస్‌నే చూస్తోంది. అడుగుతున్నట్టు లేదు ఆ చూపు. ఏమీ ఆశిస్తున్నట్టూ లేదు. నివెస్‌కు చెవుల్లో గ్లాసులు పగిలే చప్పుడు మొదలైంది. ఒకటి తర్వాత ఒకటి, తొందర లేకుండా. చెప్పకపోతే ఏమవుతుంది? ఆర్జియా ఇంటికెళ్ళిపోతుంది. ఎనిమిది యూరోల వైన్ ఇంకో ఏడాది మాళిగలో ఉంటుంది. ఎవరూ చావరు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు, తెలియదు కూడా. తెలియని ఆ భాగమే ఆమె కాళ్ళను నేలకు తొక్కిపట్టింది. ఇన్నాళ్ళూ ఆయన తన మాటలు ఎత్తుకుపోయాడు, పోనీ అనుకుంది. ఎత్తుకుపోయినవైనా నిజం మాటలే. ఇవాళ తన ముక్కు పేరిట అబద్ధం చెబుతున్నాడు.

"ఈ సీసా బాగానే ఉందండీ."

ఎవరో అన్నారు. తనే. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే స్తోకొవాజ్ చెవి ఒగ్గాడు. "ఏమన్నారమ్మా?"

గ్వాల్తియేరో పెద్దగా నవ్వాడు. "మా ఆవిడ. పాపం, వైన్ వాసనకే తల తిరుగుతుంది." హాల్లో ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఆయన తల తిప్పి ఆమె వైపు చూశాడు. పెదాలు నవ్వుతూనే ఉన్నాయి.

"బాగానే ఉంది," అంది నివెస్ మళ్ళీ. చేతిలోని గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది. "ఆవిడ రెండు సీసాలు తెచ్చారు. రెండోది కూడా తెరిచి పక్కపక్కన పెట్టుకుని చూడండి."

స్తోకొవాజ్ తెరిపించాడు. ఒకటి, ఇంకొకటి, మళ్ళీ మొదటిది. చాలాసేపు నోట్లో ఉంచుకున్నాడు. వగరుకు ముఖం ముడుచుకుపోయి, మెల్లగా విచ్చుకుంది. "రెండూ ఒకటే మాస్టారూ. రెండు సీసాలకీ ఒకే కంపు పట్టదుగా? ఇది రాక్షసి వైన్. తీసుకుంటున్నాం." రుచిగాళ్ళిద్దరూ తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

"పొద్దుట్నుంచీ నాకు కాస్త జలుబుగా ఉంది," అన్నాడు గ్వాల్తియేరో. అందరూ అయ్యో అన్నారు. నివెస్ అంతకు మించి ఏమీ అనలేదు. అనాలని కూడా అనిపించలేదు.

కారు దాకా ఆయన అందరికీ చేతులు కలుపుతూ, నవ్వుతూ వచ్చాడు. తలుపు పడగానే నవ్వు పోయింది. కారు ఊరు దాటి మొక్కజొన్న చేల మధ్య రోడ్డెక్కింది. వేగం పెరుగుతోంది. ముందు పోతున్న ట్రాక్టరును మలుపులో దాటాడు. ఎదురుగా వస్తున్న లారీ దీర్ఘంగా హారన్ కొట్టి పక్కకు తప్పుకుంది. నివెస్ సీటు అంచు రెండు చేతులతో పట్టుకుంది.

"నెమ్మదిగా..."

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అన్నాడు. ఎంతో మెత్తగా, చీపురు తెమ్మన్న రోజులాగే.

అప్పుడు ఆమెకు తెలిసింది, ఈసారి గ్లాసులు కావని. ఎలా తెలిసిందంటే చెప్పడం కష్టం. సీసా తెరవగానే లోపలిది పోయిందని తెలిసినట్టే తెలిసింది. ఇంటికెళ్ళి మెట్లెక్కుతుంది, వెనక తలుపు గడియ పడుతుంది, అత్తగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. ఆ తర్వాతది ఊహించడానికి ఆమెకు ఊపిరి చాలలేదు.

ముందు రైలు గేటు పడుతోంది. దూరిపోదామని చూశాడు గానీ ముందు కారు ఆగడంతో బ్రేకు తొక్కక తప్పలేదు. ఎర్రదీపాలు, గంట. వెనక రెండు మూడు కార్లు వచ్చి ఆగాయి. నివెస్ తలుపు తెరుచుకుని దిగింది. దిగాకే, దిగానని తెలిసింది.

"ఎక్కడికి?"

ఆమె రోడ్డు అంచున గడ్డిలో నిలబడింది. పట్టాల పక్కన, పిలిస్తే వినిపించేంత దూరంలో చిన్న స్టేషన్ కనిపిస్తోంది. ఊదినె పోయే రైళ్ళు అక్కడ ఆగుతాయి. ఆయన ఇవతలి సీటు మీదికి వంగి, తెరిచి ఉన్న తలుపులోంచి తల బయటపెట్టాడు. వెనక కార్లలోని మనుషుల్ని ఒకసారి చూసుకున్నాడు.

"నివెస్, పిచ్చిదానిలా చెయ్యకు. ఎక్కు. జనం చూస్తున్నారు."

"విల్మా దగ్గరకు వెళ్తున్నాను."

"నేనే దింపుతాను, ఎక్కు. సాయంత్రం తీసుకెళ్తాను. విను, ఇక నుంచి నీ పేరు కూడా చెబుతాను, సరేనా? అందరికీ చెబుతాను. వచ్చేవారం అంతా బయటి ఊళ్ళే, కొత్త ద్రాక్షలు... నువ్వు లేకపోతే నేనేం చేస్తాను?" గొంతు చివర పగిలింది. పాలు మాడిన రోజు చూసిన ముఖమే అది. ఆ రోజులాగే ఇప్పుడూ ఆమె చెయ్యి కొంచెం ముందుకు కదిలింది. మణికట్టును రెండో చేత్తో పట్టుకుని ఆపుకుంది.

రైలు దడదడమంటూ పోయింది. గాలికి ఏప్రన్ ఆమె కాళ్ళకు చుట్టుకుంది.

"నన్ను చూసి భయమా?" అన్నాడు గ్వాల్తియేరో, నమ్మలేనట్టు. "ఇన్నేళ్ళలో నిన్ను ఒక్క దెబ్బ కొట్టానా? చెప్పు, కొట్టానా?"

"లేదు."

"మరి భయమెందుకు? ఎక్కు."

గేటు లేచింది. వెనక కార్లు హారన్లు మోగించడంతో ఆయన తల లోపలికి తీసుకున్నాడు. పెళ్ళైన నాటి నుంచీ ఆయన ఎక్కమన్న ప్రతిసారీ, కూర్చోమన్న ప్రతిసారీ, ఊరుకోమన్న ప్రతిసారీ ఆమె ఎందుకు ఆ పని చేసిందో నివెస్‌కు తెలుసు. ఆమె తలుపు మీద చెయ్యి వేసి, బయటినుంచి మూసి, దించి ఉన్న అద్దంలోంచి చెప్పింది.

"భయంగా ఉంది గ్వాల్తియేరో. అందుకే ఎక్కను."